రెండు నెలల రాత్రి

"రాత్రంతా పడుకోవడం నేర్పండి వాడికి"
అంది నర్సు బెరిత్.
ఏ రాత్రి, అని అడిగాను.
మా వార్డోలో నవంబరు చివర దిగిన చీకటి
జనవరి సగం దాటితే గానీ లేవదు.
ఆమె నవ్వలేదు.
ఈ దీవిలో ప్రతి తండ్రీ ఇదే మాటంటాడట.

ఔడున్‌కి తొమ్మిది నెలలు.
పన్నెండింటికోసారి, రెండింటికి, మూడుంబావుకి,
మళ్ళీ ఐదింటికి.
ఐదంటే తెల్లవారుజామని
మా గోడగడియారం ఒక్కటే నమ్ముతుంది.
యోరున్ కళ్ళు తెరవకుండానే లేస్తుంది,
చొక్కా గుండీలు వాటంతటవే ఊడతాయి,
వాడు నాలుగు గుక్కలు తాగి
రొమ్ము నోట్లో ఉండగానే సోలిపోతాడు.
"అది ఆకలి కాదు," అంది బెరిత్,
"నిద్రలోకి గుమ్మం అక్కడొక్కటే ఉందనుకుంటున్నాడు."

పగలు ఎంత తాగితే అంత పట్టండి.
పదింటికి దీపం వెలుతురులో కడుపు నిండా ఒకసారి.
ఆ తర్వాత ఏడిస్తే
తల్లి కాదు, నువ్వెళ్ళు.
నీ దగ్గర పాలవాసన రాదు కదా.

నిజమే. నా దగ్గర కాడ్ చేపల వాసన వస్తుంది,
సబ్బు ఎంత రుద్దినా
గోళ్ళ కింద ఒక పొలుసు మిగిలే ఉంటుంది.

మొదటి రాత్రి యోరున్ వంటింటి బల్ల మీద పడుకుంది,
ఫ్యాక్టరీలో నాకిచ్చిన పసుపుపచ్చ చెవిడిప్పలు పెట్టుకుని.
వాడు నా ఛాతీ వైపు చూశాడు
పొరపాటున పక్కింటి తలుపు కొట్టిన మనిషిలా.
తర్వాత నలభైయేడు నిమిషాలు
నేను లెక్కపెట్టాను, వాడు పెట్టలేదు.
తలుపవతల చెక్కనేల ఒకసారి కిర్రుమంది.
చెవిడిప్పలు పనిచెయ్యడం లేదని తెలిసింది.

జోలపాటలు రావు నాకు.
నోటికొచ్చింది ఒక్కటే, సముద్రం కబురు.
ఈశాన్యం గాలి, ఉధృతం.
తీరం వెంట మంచుజల్లు.
దృశ్యమానం అంతంతమాత్రం.
చిన్న పడవలు రేవు దాటరాదు.
మళ్ళీ మొదటినుంచి, ఈశాన్యం గాలి.
మెడ దగ్గర తడిగా, వేడిగా
ఒక ఎక్కిళ్ళ మూట నెమ్మదించింది.

రెండో రాత్రి ఓడిపోయాం.
మూడింటికి తనే వచ్చి ఎత్తుకుంది,
నేను కాఫీ కలిపాను.
ఈ సంగతి బెరిత్‌కి ఇప్పటికీ చెప్పలేదు.

ఎన్నో రాత్రో గుర్తులేదు.
ఉలిక్కిపడి లేచాను,
ఇల్లంతా నిశ్శబ్దం.
పరిగెత్తుకెళ్ళి వాడి ముక్కు కింద వేలు పెట్టాను,
వెచ్చగా తగిలింది.
ఐదూ పది.

వంటింట్లో దీపం లేదు.
యోరున్ సింకు దగ్గర నిలబడి ఉంది,
రాత్రిచొక్కా మీద రెండు తడి చందమామలు.
"వాడు లేవలేదు," అంది,
"ఇవి మాత్రం మూడుంబావుకే చేపాయి."
పిండిన పాలు చల్లటి పళ్ళెం అంచున జారి
నీళ్ళగొట్టంలోకి పోతున్నాయి.
"వీటికి ఎవరు నేర్పుతారు?"
బెరిత్ కాగితంలో దానికి జవాబు లేదు.
బల్ల మీద కూర్చోబెట్టాను.
భుజం మీద తల పెట్టుకుంది, ఆ వాసనకే ముక్కు చిట్లిస్తూ.
ఇంకేం చెయ్యను,
ఈశాన్యం గాలి, అన్నాను,
తీరం వెంట మంచుజల్లు.
పడవల దాకా రానేలేదు,
తను నిద్రపోయింది.

జనవరి ఇరవై మధ్యాహ్నం
కోటలో ఫిరంగి పేలింది, సూర్యుడొచ్చాడని.
బడిపిల్లలు సెలవు దొరికి కేకలు.
తోపుడుబండిలో ఉన్నికుప్పలా పడుకున్న ఔడున్
ఒక కన్ను తెరిచాడు,
దిగంతం మీద నారింజ తొన ఒకటి చూశాడు,
వెంటనే అమ్మ వైపు మొహం తిప్పి
నోరు సున్నా చుట్టాడు.
యోరున్ నన్ను చూసింది.
పగలే కదా, అన్నాను.
కోటగోడ చాటుకి నడుస్తూ
అప్పటికే కోటు గుండీలు విప్పుతోంది.