లాకు నిండేదాకా

గెడ పక్కన పెట్టు వీరేశం, తాడు ఇలా విసురు.
కింది తలుపులు మూశాను, పై తూము ఎత్తాను.
నీ పడవ నిలువెత్తు లేవాలంటే
ఒక చుట్ట కాలేంత సేపు.
నీ పెంకులకేం కాదులే. కూర్చో.

ఇక్కడ నన్ను లస్కరు దేవదానం అంటారు.
పటాలంలో నాకు పేరే లేదు.
"పానీ!" అని కేకేసేవారు.
పానీ అంటే నేనే.

ఎక్కడని అడుగుతావు, ఏం చెప్పను?
రాజమండ్రిలో ఎక్కాక రైల్లో ఏడు రాత్రులు,
దిగాక కంచరగాడిదల వెనక పదకొండు రోజులు,
ఆపైన దారి లేదు, కొండే.
లంకలో పుట్టిన నా కళ్ళకి
అది దేవుడు మట్టి వెయ్యడం మరిచిపోయిన చోటు.
రాళ్ళు పేర్చిన కోట. నూట పదిమందిమి.
ఓ దొర, దొరకో కుక్క, ఒక బాకా.
పగలు పెనం. రాత్రి మీసాల మీద మంచు.

మనిషికి రోజుకి మూడు సేర్లు నీళ్ళు,
కంచరగాడిదకి పాతిక.
కోట గుమ్మం నుంచి ఊట దాకా
ఆరువందల ముప్ఫై రెండు అడుగులు,
లెక్కపెట్టాను, వేరే పనేముంది?
మేకతోలు సంచి నిండితే
వీపు మీద బతికున్న మేకలాగే కదిలేది.

ఆ ఊటకి కొండవాళ్ళూ వచ్చేవారు.
ఓ కుర్రాడు, పదమూడేళ్ళుంటాయేమో,
భుజాన తనకంటే పొడుగు తుపాకీ.
మొదటిరోజు గురిపెట్టాడు.
నేను సంచి చూపించాను.
వాడు కుండ చూపించాడు.
ఆ తర్వాత మాటలక్కర్లేకపోయింది:
వాడు ముందొస్తే వాడు, నేను ముందొస్తే నేను.

వీరేశం, పేటలో పుట్టినవాణ్ణి.
ఊరి బావి గిలక ముట్టుకుంటే ఏమవుతుందో నీకూ తెలుసు.
గోదారి పక్కనే పెరిగి
గేదెల్ని కడిగే రేవులో ముంచుకున్న వాణ్ణి.
నీళ్ళ దగ్గర నాకు వంతు ఇచ్చిన మొదటి మనిషి
వాడే.

హవల్దారు రంగప్పనాయుడు నా సంచి తాకేవాడు కాదు.
ఆయనకి వేరే మనిషి, వేరే కుండ.
మూడ్రోజుల కాల్పుల్లో ఆ వేరే మనిషి పోయాక
చీకట్లో వచ్చి దోసిలి పట్టాడు.
తెల్లారాక నా వంక చూళ్ళేదు.

చలికాలం ముగుస్తుండగా హుకుం వచ్చింది,
కోట ఖాళీ చెయ్యండి, ఊట పూడ్చెయ్యండి.
దారి ఎవడికి తెలుసు? పానీకి.
అడుగులు లెక్కపెట్టినవాణ్ణి
ఆ రాళ్ళు మాత్రం లెక్కపెట్టలేదు.
ఊట తేలిగ్గా చావదు వీరేశం.
రాయి వేస్తే రాయి పక్కనుంచి లేచేది,
పసిపిల్ల కడవాయిలోంచి పాలు కారినట్టు.
ఆఖరికి సున్నం పోశాం.
పైగట్టు మీద కుండతో నిలబడ్డాడు కుర్రాడు.
తుపాకీ భుజానే ఉంది. దించలేదు.
దించినా బాగుండేది.

ఎంత లేచింది? ఇంకా జానెడు.
నీళ్ళు తెలిసినవాడని సర్కారు ఈ పనిచ్చింది.
ఏటా వేసవిలో కాలవ కట్టేసే రోజు
పలకలు దించమంటాడు సూపర్వైజరు.
నాకు చేతులు రావు. మా ఏసుపాదం దించుతాడు.
నేను గట్టు అవతల కూర్చుంటాను.
అయినా వినిపిస్తుంది
బురదలో జెల్లలు కొట్టుకునే చప్పుడు.

మొన్న కరణంగారి పడవ ఇక్కడే ఆగింది.
దాహంగా ఉందన్నాడు, ఎవరితోనూ కాదు, గాలితో.
లాకు నిండా నీళ్ళు. నా పక్కనే చెంబు.
నేను తియ్యలేదు. ఆయన అడగలేదు.
చుట్ట కాలేంత సేపు
ఇద్దరం నీటినే చూస్తూ ఉండిపోయాం.

అదిగో, రెండువైపులా సమం అయింది.
ఇప్పుడు తలుపుకి బలం అక్కర్లేదు,
వీపు ఆనిస్తే చాలు.
తాడు పట్టుకో.
పైలాకులో ఎవరన్నా అడిగితే
ఆలస్యం నాదేనని చెప్పు.