చూసీ చూడనట్టు

డండీలో వాన పడదు, వేలాడుతుంది.
ఆ వేలాడే వానలో ఇరవై రెండో నంబరు బస్సు కోసం
మేం నిలబడ్డ ఒకానొక గురువారం
ఇప్పుడు ఆరడుగుల చట్రంలో ఉంది,
టే నది కనపడే గ్యాలరీలో, పై అంతస్తులో.

ముందు వకుళే చూసింది. "అది మీ బట్టతలే."

బొమ్మ మధ్యలో ఆ ఇద్దరు.
అమ్మాయి మునివేళ్ళ మీద లేచింది,
ఒక బూటు మడమ నుంచి జారింది.
అబ్బాయి చేతిలో చిప్స్ పొట్లం నలిగి
వెనిగర్ మణికట్టు దాకా కారింది.
ముద్దు మాత్రం కనపడదు.
మోరాగ్ అట, గీసినావిడ పేరు.
ముద్దుని వదిలేసి ముద్దు చుట్టూ ఉన్నవాళ్ళని గీసింది:
ఫోనులో మొహం దాచుకున్న కుర్రాణ్ణి,
నవ్వు ఆపుకోలేని ముసలమ్మనీ ఆమె చక్రాల సంచినీ,
స్టాపు అద్దం మీద ఎవరిదో తెలియని ఆవిరిని,
కుడి చివర, టైంటేబులు వంక తల తిప్పుకున్న నన్ను.

ఆ టైంటేబులు నాకు కంఠతా వచ్చు.
పద్దెనిమిదేళ్ళుగా అదే స్టాపు,
తొమ్మిది బావుల పేరున్న ఆస్పత్రికి,
ఊళ్ళోవాళ్ళ నెత్తురు నేను పరీక్షించే గదికి.
మరి ఆ రోజెందుకు చదివానట
పరీక్ష ముందు పిల్లాడిలా, నిమిషం నిమిషం?

నా చెవికి సిగ్గు పూసింది ఆవిడ.
నల్లటి చెవి ఎర్రబడితే ఏ రంగవుతుందో
నాకే తెలీదు, ఆవిడకెలా తెలిసిందో.
నేరేడుపండు కొరికిన చోటు రంగు.

చూసీ చూడనట్టుండడం మా ఇళ్ళలో మర్యాద.
గుమ్మం దగ్గర దగ్గి గాని లోపలికి రాం.
కొత్త జంట గది ముందు
చెప్పులు కావాలనే ఈడ్చి నడుస్తాం.
ఆ దగ్గులన్నీ, ఆ చెప్పుల చప్పుడంతా
నా మెడ నరంలో దొరికాయి ఆవిడకి.

"మరి నేనో?" అంది వకుళ.

ఆ రోజు నా పక్కనే ఉంది. పక్కనంటే
మధ్యలో మూరెడు, ఆ మూరెడులో కూరల సంచి.
వెతికాం, కాపలా ఆయన గొంతు సవరించుకునేంత దగ్గరగా వంగి.
చట్రం అంచున, రెండు వేళ్ళ వెడల్పున
ఓ పచ్చటి మరక.
కొత్తిమీర. మా సంచిలోంచి తొంగిచూసిన కొత్తిమీర.
అక్కడితో గుడ్డ అయిపోయింది.

ఆవిడని ఏమంటాం?
మమ్మల్ని ఎవరు చూసినా
బస్సు కోసం ఆగిన ఇద్దరు పరాయివాళ్ళనే అనుకుంటారు,
ఒకర్ని ఉంచి ఒకర్ని కోసేయొచ్చు.
పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. వీధిలో తన చెయ్యి పట్టుకున్నది
మంచు మీద జారినప్పుడు, ఒక్కసారి.
అదీ చేతొడుగులతో.

కోప్పడుతుందనుకున్నాను.
ఆ పచ్చ మరక ముందు చాలాసేపు నిలబడి
"బాగా గీసింది," అంది. "ఇంకా వాడలేదు."

బయట మళ్ళీ అదే వాన.
స్టాపులో ఇద్దరు మగవాళ్ళు
ఒకే మఫ్లరులో రెండు మెడలూ దూర్చి, ఏదో గుసగుస.
నా తల తనంతట తనే టైంటేబులు వైపు తిరగబోయింది.

వకుళ సంచిని, ఇవాళ ఉల్లిపాయలూ పాలూ,
ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది,
నాకు అవతలి పక్కకి.
ఏమీ అనలేదు.

మా మధ్య మూరెడు చోటు, ఖాళీగా.
బస్సుకింకా నాలుగు నిమిషాలు.