పదిహేడు నిలువు

మిల్లు గేటు మూసిన పన్నెండో రోజు
టైమాఫీసు గౌరీశు గారు
హాజరు పట్టీ వెనక్కి తిప్పి గళ్ళు గీశారు.
నల్లగళ్ళకి సిరా చాలక
టీ బడ్డీ పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చుకున్నారు.

నెల్లిమర్ల ఎండ.
టార్పాలిన్ కింద ఎవరి దగ్గరా మాటల్లేవు,
పేకముక్కలు కూడా చెమటకి మెత్తబడ్డాయి.
"ఏటి బాబూ ఇది?" అంది లెంక సూరమ్మ.
"మాటల్ని దాచీసేను. ఎతుక్కోండి."

ఒకటి అడ్డం:
మిల్లుకి పడింది, భజనలో వేస్తారు. రెండక్షరాలు.
అందరం గేటు వైపు చూశాం.
కొత్త ఇత్తడి కప్ప, కళ్ళు చెదిరేలా.
రాత్రుళ్ళు రామమందిరంలో పాడే అప్పలనర్సు
తొడ మీద చెయ్యేసి దరువు వేస్తూ, వేస్తూ
ఆగిపోయాడు.
"తాళం!"

అప్పుడు చెప్పారాయన:
ఆధారం అబద్ధమాడదు,
అలాగని నిజాన్ని మొహమ్మీద అనదు.
ఒక చేత్తో అర్థం చూపిస్తూ
రెండో చేత్తో అక్షరాలు జేబులో వేసుకుంటుంది.
కామా ఉన్నచోట ఆగేవు, మోసపోతావు.

ఆరు అడ్డానికి రెండ్రోజులు పట్టింది:
హత్య చేశావు, కొమ్ము విరిగింది, తిట్లు మొదలు. ఏరు.
"కొమ్మిరిగితే పశువులాస్పత్రికి తోలుకుపోవాల గానీ
ఏటికెందుకు?" అన్నాడు గేదెల సన్యాసి.
నేను ఏడో తరగతి దాకా చదివిందాన్ని.
గోనెసంచీ మూతి కుట్టడం తప్ప
అక్షరాల జోలికి పోయి ఇరవయ్యేళ్ళు.
కానీ ఆ కొమ్ము ఎద్దుది కాదేమో అనిపించింది.
చంపావు.
వు కొమ్ము తీసేశాను.
తిట్లకి మొదలు తి.
నోట్లోంచి ఏరు దానంతటదే పారింది, చంపావతి!
అవతల వంతెన కింద మాత్రం
ఇసుకే ఉంది.

సన్యాసి ఒప్పుకోలేదు.
"తిట్లు నిండా రాసి తి ఒక్కటే తీసుకుంటే
మిగతా అక్షరాలు ఏం పాపం చేశాయి?"
గౌరీశు గారు నవ్వారు.
"మొదలు అన్నాను కదా, ఆ మాట ఊరికే లేదు.
ఆధారంలో ప్రతి మాటా పని చెయ్యాలి.
పనిలేని మాటని గేటు బయట..."
అని ఆగిపోయారు.
ఆ పూట మరి ఆధారాలు చదవలేదు.

ఆ తర్వాత మాకు పిచ్చి పట్టింది.
బస్సు మీది పేర్లు, మందుసీసాల చీటీలు
అన్నీ విరగ్గొట్టి చూశాం.
సూరమ్మ మనవడు గేటు మీద నోటీసు చదివి
"అనివార్య కారణముల వలన"లో
కా కొట్టేసి సున్నా చుట్టాడు:
రణము.
వాచ్‌మన్ చూసి చింపబోయాడు,
అతనికీ నవ్వొచ్చింది.

చివరికి పదిహేడు నిలువు ఒక్కటే మిగిలింది.
పుండుని అలా చెయ్యకు, అయ్యగారు రోజూ అనేది అదే. రెండక్షరాలు.
అడ్డంలో వచ్చిన మలుపు వల్ల
కింది గడిలో పు పడింది, పై గడి ఖాళీ.
మాపు, అన్నాడొకడు. ఆపు, కాపు, చూపు.
ఆయన ప్రతిదానికీ తల అడ్డంగా ఊపి
సాయంత్రం గొడుగు ముడుస్తూ
"రేపు చెప్తాన్లెండి" అనేవారు.
ఎనిమిది సాయంత్రాలు అలాగే అన్నారు.

రాజీ రాత్రికి రాత్రి కుదిరింది.
పొద్దున్నే సైరను కూసింది, అందరం పరిగెత్తాం.
టైమాఫీసులో ఆయన కుర్చీ లేదు.
గోడకి వేలిముద్రల మిషను బిగించి ఉంది,
దాని పక్కన ఎవరో కుర్రాడు.

నా వేలు ఆనింది. ఎర్రదీపం.
తుడుచుకున్నాను, ఎర్రదీపం.
ఇరవయ్యేళ్ళ జనుము
ఆ గీతలన్నీ ఎప్పుడో అరగదీసింది.
వెనక వరసలో గొణుగుళ్ళు.
కుర్రాడు తల ఎత్తకుండానే అన్నాడు:
"పక్కకి జరుగమ్మా. రేపు చూద్దాం."

గేటు బయట నిలబడి
గట్టిగా నవ్వాను.
పిచ్చిదనుకున్నారు.
టీ బడ్డీవాణ్ణి
పెన్సిలుందా అని అడిగాను.