పక్క సీటు

ఈ తొవ్వ నాకు కొత్తది కాదు.
మస్కట్ నుంచి సలాలా దాకా
ముప్పై ఏండ్లు టైర్లు అరగదీసిన తొవ్వే.
ఆదంల చాయ, హైమాల డీజిలు,
తుమ్రైత్ కాడ ఇంత కునుకు.
గంతే నాకెరుక.

ఇయ్యాల స్టీరింగు మురాద్ చేతిల ఉంది.
నా ఒళ్లె టిఫిన్ డబ్బా, అండ్ల బాలింత కాయం.
మలుపు వస్తే చాలు, నా కుడికాలు
లేని బ్రేకును తొక్కుతనే ఉంది.
"చాచా, జర ఊకోరాదు" అని నవ్విండు.

ఊకున్న. అప్పుడు చూసిన
ఇసుక ఒక్క రంగు కాదని.
పొద్దుగాల పాల మీగడ,
మాపటికి మా కోరుట్ల చెల్క.
రోడ్డు నడుమ ఒంటె నిలబడ్డది, వెనుక పిల్ల.
మురాద్ హారన్ మీద చెయ్యేస్తే
వద్దన్న.

శైలజ పుట్టిన దినం
ఇదే హైమాల పంక్చరేస్తున్న.
ఉత్తరం అందే యాళ్లకు
ఇరవై ఒకటో దినం కూడ అయిపోయింది.
పేరు ఉత్తరంల చదువుకున్న.

తుమ్రైత్ దాటినంక
ఎడారిని ఎవరో కత్తెర పెట్టి కోసినట్టు
గుట్టలన్ని పచ్చగ, అద్దం మీద తుంపర.
ఖరీఫ్ అంటరు ఈడ.
ఆ మాట యిన్నప్పుడల్ల నాకు వరినారు వాసనొస్తది.

నలభై టన్నులు మోసినోన్ని,
కాటా చిట్టీ చూడంది కదలనోన్ని.
"మూడు కిలోల వంద గ్రాములు" అని
నర్సమ్మ చేతుల పెట్టంగనే
మోచేతులు వణికినయి.

మనుమరాలు ఆవులించింది,
తొవ్వంత తనే నడిపి
అలిసినట్టు.