నలభై ఒకటో నిమిషం

ఈ నెల అంశం నీరు.
కిందటి నెల తుప్పు. అంతకు ముందు
కరెంటు లేని మధ్యాహ్నాలు.
గంట నిడివి, పన్నెండు ట్రాకులు,
మధ్యలో నా మాట ఎక్కడా ఉండదు.
ఎవరు వింటారివన్నీ, అంటుంది నూకరత్నం,
మేత లెక్కల పుస్తకం మీంచి నా ల్యాప్‌టాప్ పక్కకి నెట్టి.
నూట అరవై మందండీ.
పిల్ల వేసిన రోజు ఒక్క బకెట్లో ఉంటాయి అంతకన్నా, అంటుంది.

మలికిపురం దాటాక, కొబ్బరితోట కొట్టేసి తవ్విన చెరువులు.
నాది రాత్రి పని.
రెండు గంటలకోసారి నీళ్లలో ఆక్సిజన్ కొలిచి రాయాలి,
మిగిలిన కాలం నాది.
హెడ్‌ఫోన్‌లో ఎడమ పక్క ఎప్పుడో చచ్చింది.
కుడి చెవిలో పాట,
ఎడమ చెవిలో చెరువు.

నీరనగానే అందరూ పట్టుకొచ్చేది చినుకు.
చినుకుల ట్రాకులు తొమ్మిది దొరికాయి,
తొమ్మిదీ తీసేశాను.
ఇక్కడ చినుకంటే నీరు కాదు, తుఫాను కబురు.
నీరంటే లాకుల దగ్గర
తలుపు దించగానే మారిపోయే కాలవ గొంతు.
నీరంటే సఖినేటిపల్లి రేవులో
పంటు అడుగున డీజిలు గురక,
పోటు వేళ వెనక్కి నడిచే వశిష్ఠ,
బోరు కొడితే నాలిక మీద మిగిలే ఉప్పు.
ఆ ఉప్పు ఉన్న ట్రాకు కోసం
పదకొండు రాత్రులు వెతికాను.
పేరు పలకడం రాని ఊళ్లో ఎవరో
గడ్డకట్టిన చెరువు కింద మైకు దించి చేశాడు.
చలిదేశపు ఉప్పు. సరిపోయింది.

నాలుగోది నిమిషానికి నూట పద్దెనిమిది కొట్టుకుంటుంది,
ఐదోది నూట ఇరవై నాలుగు.
సాగదీస్తే ఒకటి పిల్లిలా ఏడుస్తుంది,
కుదిస్తే ఇంకోటి ఆయాసపడుతుంది.
కట్నం దగ్గర చెడిన వియ్యంకుల్లా
ఎడమొహం పెడమొహం.

అప్పుడు ఎడమ చెవిలో విన్నాను.
ఉత్తరపు గట్టున ఏరేటరుకి కొత్త మోటారు,
దక్షిణాన ఉన్నది రెండుసార్లు వైండింగ్ చుట్టించింది.
రెండు చక్రాలూ నీళ్లని కాసేపు ఒక్కటిగా కొడతాయి,
తర్వాత ఒకటి వెనకబడుతుంది,
బాగా వెనకబడి వెనకబడి
ఎదురొచ్చినట్టే మళ్లీ కలుస్తుంది.
ఎవరూ సర్దరు.
నేను కూడా సర్దడం మానేశాను.
రెండు ట్రాకుల్నీ వాటి దారిన వదిలి,
అవి కలిసే చోట చెయ్యి వేద్దామని కూర్చున్నాను.
ఫోనుకి పాలిథిన్ కవరు తొడిగి
వెదురుకి కట్టి చక్రాల మీదకి వంచాను.

రెండూ నలభైకి కరెంటు పోయింది.

చక్రాలు ఒక్కసారే ఆగవు.
బరువు కొద్దీ ఇంకో రెండు చుట్లు తిరుగుతాయి.
ఆఖరి రెక్క మీంచి నీళ్లు కారి,
కారడం ఆగి,
ఆ తర్వాత ఏమీ లేదు. కప్పలు కూడా.
కాసేపటికి నీటి పైపొర మీద
సన్నగా, పెనం మీద తడి చెయ్యి పెట్టినట్టు ఒక చప్పుడు:
ఊపిరాడక రొయ్యలు పైకి వస్తున్నాయి.

నూకరత్నం కేక. నా కాళ్లకి చెప్పుల్లేవు.
జనరేటరు హ్యాండిలు ఒకసారి తిప్పాను, రెండోసారి,
మూడోసారి అది దగ్గింది,
నాలుగోసారి అందుకుంది.

తెల్లారి టీ తాగుతూ విన్నాం.
ఫోను అంతా పట్టుకుంది. తొంభై మూడు సెకన్లు.
మిక్సులో ఖాళీ వదలకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం.
నలభై ఒకటో నిమిషంలో అలాగే పెట్టేశాను,
నాలుగోదానికీ ఐదోదానికీ నడుమ,
కేక సహా.
పనిచేసే చెవి నూకరత్నానికిచ్చాను.
నా గొంతు బొంగురుగా ఉంది, తీసెయ్, అంది.
మళ్లీ పెట్టమంది.
జనరేటరు అందుకున్న చోట
పుస్తకం మీద ఆమె పెన్ను తనంతట తనే కొట్టడం చూశాను,
చూడనట్టు ఊరుకున్నాను.

వచ్చే నెల ఏం పెట్టమంటారండీ, అన్నాను.
వడ్డీ పెట్టు, అంది.
ఒక్క నెల కూడా తాళం తప్పదు.

అప్పట్నుంచీ వెతుకుతున్నాను.
నిదానంగా ఉండాలి, ఆగకూడదు,
ప్రతి చుట్టుకీ
ఎవరికీ తెలియనంత పెరుగుతూ ఉండాలి.