గట్టు

ఆదివారాలు నా వంతు.
న్యూకాజిల్‌లో మొదటి బస్సు కదలకముందే
టైన్ నది గాలి చెవులు కోస్తుంటే
కార్డు గీకి ల్యాబ్‌లోకి వస్తాను.
ముప్ఫై ఏడు డిగ్రీల అలమరలో
కెన్ హెడ్లీ ఎడమకంటి ముక్క,
నువ్వుగింజలో సగం,
ఆకలి మీద ఉంటుంది.

పాత నీళ్లు తోడి కొత్త నీళ్లు పోస్తాను,
గులాబీరంగువి.
నారు పోసినవాడు నీరు పోయడా అంటారు.
ఇక్కడ నారు పోసింది డాక్టర్ మోయిరా ఫెన్విక్.
నీరు నేను. ఓవర్‌టైం లేదు.

కింద పరుపుగా
ఎవరో బిడ్డ వదిలి వచ్చిన మావిపొర.
తల్లి పేరు మాకు చెప్పరు.
ఆ బిడ్డకి ఈపాటికి పళ్లొస్తుంటాయి.

కెన్ గేట్స్‌హెడ్‌లో గోడలు పూసే మేస్త్రీ.
పదకొండేళ్ల కిందట
నిచ్చెన మీది బకెట్ మొహాన బోర్లా పడి
కుడికన్ను గోడలాగే తెల్లబడింది.
ఒక కంట వెన్న, ఒక కంట సున్నం:
సామెతనుకున్నాను ఇన్నాళ్లూ,
కేస్‌షీట్ అనుకోలేదు.

కొత్త కార్నియా కుట్టారు. నిలవలేదు.
ఎందుకో మోయిరా టిష్యూ కాగితం మీద గీసి చూపింది:
నల్లగుడ్డు చుట్టూ సన్నటి గీత.
నాకది పొలంగట్టులా కనిపించింది.
విత్తనాలన్నీ ఆ గట్టు మీదే.
గట్టు కాలిపోతే
తెలుపు కలుపులా లోపలికి పాకుతుంది.

మొదటిసారి బూజు పట్టింది, పన్నెండో రోజున.
ఎవరిచేతా చెప్పించలేదామె.
కారిడార్‌లో గోడకి ఆనుకుని తనే ఫోన్ చేసింది.
అవతల ఏమన్నాడో వినబడలేదు.
"అవును," అంది, "మళ్లీ గిల్లాలి.
ఉన్న ఒక్క కంటినే."
తర్వాత చాలాసేపు
చేతులు కడుక్కుంటూనే ఉంది.

వచ్చాడతను. కోటు మీద ప్లాస్టర్ మరకలతో,
ఏదో పని మధ్యలో లేచొచ్చినట్టు.

ఏడో వారం.
అక్షరాల బోర్డు ముందు కూర్చోబెడితే
బోర్డు మానేసి పైకి చూస్తాడేమిటి!
మోయిరా పెన్ను గాల్లోనే ఆగింది.
"ఈ సీలింగ్ ఎవడు పూశాడు?
తడి ఆరకుండా రెండో పూత వేశాడు వెధవ.
ఆ మూల చూడండి, పగులు."

పదేళ్లుగా ఆ గదిలో కళ్లు చూస్తున్న మనిషి
అప్పుడు తలెత్తింది.
నోట్‌బుక్‌లో రాసుకుంది:
కుడికన్ను. కిటికీ వైపు మూల. వెంట్రుకంత పగులు.
పక్కనే, నిజమే.

నేనూ చూశాను.
నాకు కనబడటానికి
కాస్త టైం పట్టింది.