ఆరు వందల ఎనభై అడుగులు

చెంగల్రాయులు టేపు తీసుకోని వచ్చినాడు.
ఒక కొన నా చేతికిచ్చి
"గట్టిగా పట్టుకో మేడం, వదిలేస్తావేమో" అన్నాడు.
నా ఇంటిని కొలవడానికి
నన్నే మేకు చేసి నిలబెట్టినాడు.

ముప్పై ఇంటు నలభై.
మురకంబట్టు దాటినాక ఎడమ పక్క మూడో వీధి.
తూర్పు వాకిలి.
ఇంకా పదకొండేళ్ళ కంతులు.

పదిహేడేళ్ళు గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో
బెంగళూరా మామిడి తీపి కొలిచినాను.
అద్దం మీద ఒక్క చుక్క,
కన్ను చిట్లించి చూస్తే నీలం గీత.
పద్నాలుగు దాటకుంటే
లారీని గేటు కాడే ఆపేదాన్ని.
డ్రైవర్లు దండం పెట్టినా, రైతులు తిట్టినా
గీత గీతే అనేదాన్ని.
ఈ జూన్‌లో ఒక పొద్దు
నన్నూ గేటు కాడే ఆపినారు.
కవరు చేతికిచ్చినోడు నేను పని నేర్పిన పిల్లోడే.
"సీజను బాగలేదక్కా" అన్నాడు,
వాడి వెనకాల రోడ్డు పొడుగునా లారీలు నిలబడుండంగా.

ఏకాంబరం లెక్క సుళువుగా చెప్తాడు.
అమ్మితే అప్పు పోను తొమ్మిది లక్షలు,
సంతపేటలో ఐదు వేలకు బాడుగిల్లు,
పాప పాలిటెక్నిక్ అయిపోతుంది.
ఆయన లెక్కలో తప్పు లేదు.
రాత్రి పూట నేనూ వేస్తాను, అదే వస్తుంది.
తప్పు దొరికితే బాగుండని
మళ్ళీ వేస్తాను.

కొనేవాళ్ళు ఆదివారం వచ్చినారు.
పలమనేరు టీచరు, ఆయన భార్య.
ఆమె వంటింట్లో కొళాయి తిప్పి కట్టేసింది,
నా చింతపండు జాడీని
ఒక్క వేలితో పక్కకు జరిపింది.
అప్పుడే అక్కడ వంట మొదలుపెట్టేసినట్టు అనిపించింది.
ఆయన మిద్దెక్కి
పిల్లర్లలో నుంచి లేచిన కమ్ములు చూసి
"మేడ కట్టాలనుకుంటిరా?" అన్నాడు.
అనుకుంటిమి.
తుప్పు పట్టకుండా వాటికి బోర్లించిన కూల్‌డ్రింకు సీసాలు
మా ఫ్యాక్టరీ గుజ్జు పోయిన కంపెనీవే.
ఆ సంగతి ఆయనకెందుకు.

కిందికి దిగొచ్చి అడిగినాడు, "నీళ్ళెట్లమ్మా?"
చిత్తూరులో ఇల్లు కొనేవాళ్ళు
దేవుడి గది కంటే ముందు అడిగే మాట.

మొదటి బోరు నాలుగొందల యాభై, దుమ్ము.
రెండోది ఐదొందల ఇరవై, దుమ్ము.
మూడో దానికి నా కమ్మలు కుదవ పెట్టినాం.
తెల్లారి మూడు గంటలకు
ఆరు వందల అరవై కాడ బోరు లారీవాడు చాలించుకుంటానన్నాడు.
ఇంకొక్క రాడ్డు దించు నాయనా అని
వాడి ముందర అడ్డంగా నిలబడినాను.
బురద ముందొచ్చింది.
ఏకాంబరం తెల్ల చొక్కాతోనే
ఆ బురదలో కూర్చుండిపోయినాడు.

ఇదంతా చెప్పలేదు.
చెంబుతో నీళ్ళిచ్చినాను.
ఆయన ఎత్తి పోసుకోని తాగి
"తియ్యగుండాయే" అన్నాడు.

మీటరును రోజూ పొద్దున్నే నీళ్ళతోనే సరిచేసేదాన్ని.
నీళ్ళు వేస్తే గీత సున్నా మీద నిలబడల్ల.
నిలబడితేనే ఆ రోజు తీపి లెక్క నిజం.
పదిహేడేళ్ళు నేను సున్నా అని రాసినదాన్ని
ఈయన తియ్యగుందంటున్నాడు,
మీసం తుడుచుకుంటా.

"ఎంతకిస్తారు?"
ముప్పై ఒకటని ముందు రాత్రే అనుకోనుంటిమి.
నోరు తెరిస్తే ముప్పై ఆరని వచ్చింది.
చెంగల్రాయులు దగ్గినాడు.
ఏకాంబరం నా పక్క చూడలేదు,
తలెత్తి సీలింగు పక్క చూసినాడు.
టీచరు భార్య
జాడీని మళ్ళీ ఉన్న చోటికే జరిపింది.

ఫోన్ చేస్తామన్నారు.
చేస్తారో లేదో. చేస్తే నేనేం చెప్తానో.
కంతు ఐదో తేదీ, అదొక్కటి తెలుసు.
వాళ్ళ స్కూటరు మలుపు తిరిగేదాకా
వాకిట్లోనే ఉండాను.
వెనకింటి కుప్పమ్మ గోడ మీద నుంచి అరిచింది:
"మేయ్, ట్యాంకు నిండి పోతా ఉండాది, మోటరు కట్టు!"
పరిగెత్తినాను,
చెప్పులు కూడా లేకుండా.